గోదావరి లోయ నుంచి ఇనుగుర్తి అచ్చుకూటం దాకా: ఈ మధ్య రాసిపెట్టుకున్న సంగతులు

హనుమకొండలోని మా ఇంట్లో నా మంచం పక్కన రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. ఏదైనా చదివినప్పుడో, విన్నప్పుడో, ఇంటర్నెట్టులో ఒక చోటి నుంచి మరో చోటికి పోతూ ఉండగా ఎదురుపడినప్పుడో, ఇన్నేళ్లుగా నా కళ్ల ముందున్న దాని వెనుక ఇంత కథ ఉందా అనిపించిన ప్రతి సంగతినీ అందులో తేదీ వేసి రాసుకుంటాను. ఈ మధ్య ఆ పేజీలు తిరగేస్తే ఒక విషయం గమనానికి వచ్చింది. ఎక్కడో దూరదేశపు ప్రయోగశాలలో తేలిన విషయం కూడా చివరకు మా వంటింటికో, ములుగు దారికో, వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకో వచ్చి ఆగుతున్నది. అలా మా ఊరి దాకా వచ్చిన వాటిలో కొన్నింటిని ఇక్కడ చెబుతాను.

మొదటిది రాసుకున్న తేదీ 2024 డిసెంబరు 4, బుధవారం. మార్గశిరం మొదలైన వారం, చలి బాగా ఉన్నది. ఉదయం 7 గంటల 27 నిమిషాలకు అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉండగా, సజ్జ మీద బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. గిన్నెలో పాల మీద అంచుల నుంచి నడుమకు చిన్న చిన్న వలయాలు కదిలాయి. "గ్లాసులు ఎవలు కదిలిస్తాండ్రు కొడుకా?" అని అమ్మ అడిగేలోపే అంతా సద్దుమణిగింది. ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చిందని కాసేపటికి ఫోన్లన్నీ చెప్పాయి. మాకెవరికీ దెబ్బ తగలలేదు, ఇంటి గోడకు ఒక గీత కూడా పడలేదు. కాని ఆ వలయాలు నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు. భూకంపమంటే హిమాలయాల దగ్గరో, గుజరాత్‌లోనో వచ్చేదని చిన్నప్పటి నుంచి అనుకున్నవాడిని. దక్కను పీఠభూమి గట్టి రాయి అని బడిలో చెప్పిన పాఠం మనసులో అలాగే ఉండిపోయింది.

వెతకడం మొదలుపెట్టిన తరువాత తెలిసింది, ఇక్కడి నేల అంతటా ఆ గట్టిరాయి ఒకే తీరుగా లేదని. ఆదిలాబాదు, మంచిర్యాల, భూపాలపల్లి, ములుగు, కొత్తగూడెం ప్రాంతాల గుండా, ఇంచుమించు గోదావరి పారే దారి వెంబడే, భూమి పైపొర కోట్ల సంవత్సరాల కిందట చీలి, రెండు పగుళ్ల నడుమ నేల పొడవాటి తొట్టిలా కిందికి కుంగింది. దీన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు ప్రాణహిత-గోదావరి లోయ అంటారు. ఆ పాత పగుళ్లు పూర్తిగా అతుక్కోలేదు. భారత భూఫలకం ఉత్తరాన ఆసియాను నెట్టుతున్న ఒత్తిడి దేశమంతటా పరుచుకొని ఉంటుంది కాబట్టి, ఇటువంటి బలహీనమైన చోట అది అప్పుడప్పుడు విడుదల అవుతుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 తీవ్రత భూకంపం కూడా ఈ లోయలోదే. ఈ కొలతలో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది కాబట్టి, 5.3కు 5.7కు నడుమ కనిపించే కొద్దిపాటి తేడాకు అసలు అర్థం నాలుగింతల శక్తి.

ఇక్కడే నా నోటుపుస్తకంలో ఒక పేజీ నాలుగు పేజీలయింది. ఎందుకంటే, తొట్టిలా కుంగిన ఆ నేలలోకే కోట్ల ఏళ్లపాటు నదులు ఇసుకను, బురదను, కూలిన అడవులను తెచ్చి నింపాయి. ఆ అడవులే సింగరేణి బొగ్గు. భూకంపం ఇక్కడెందుకు వచ్చిందన్న ప్రశ్నకు, బొగ్గు ఇక్కడెందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు ఒకటేనన్నమాట. 1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడని, 1889లో తవ్వకం మొదలైందని మా గోదావరిఖని చుట్టాలు గర్వంగా చెబుతుంటే చాలాసార్లు విన్నాను. కాని ఆ బొగ్గుగా మారిన అడవి ఎటువంటిదో నేనెన్నడూ అడగలేదు. అందులో ముఖ్యమైన చెట్టు గ్లోసోప్టెరిస్. దాని ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. 25 కోట్ల సంవత్సరాలకు పూర్వపు ఆ ఆకు ముద్రలే ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో దొరికాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ మంచులో ప్రాణాలు విడిచిన ఇంగ్లండు అన్వేషకుడు స్కాట్ బృందం, కాలు కదపలేని స్థితిలో కూడా వదిలిపెట్టకుండా లాక్కొచ్చిన 16 కిలోల రాళ్లలో సైతం ఆ ఆకే ఉన్నది. మంచు ఖండంలోని రాతిలో, మన సింగరేణి అడుగున ఒకే తీరు ఆకు దొరకడం, ఒకప్పుడు ఈ ఖండాలన్నీ ఒకే నేలగా ఉండేవనడానికి బలమైన సాక్ష్యాలలో ఒకటయింది. ఆ మహాఖండానికి శాస్త్రం పెట్టిన పేరు గోండ్వానా. అది మన గోండుల నేల పేరు. ఆదిలాబాదు అడవుల్లో ఇవాళ్టికీ గోండులు ఉన్నారు, కాని వారి పేరు మీదనే సగం ప్రపంచపు పాత చరిత్రను చదువుకుంటున్నారన్న సంగతి మన బడి పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా అన్నది నాకు నిజంగా బాధ కలిగించే ప్రశ్న.

బొగ్గుకు పైన పేరుకున్న పొరల్లో రాక్షసబల్లులు ఉన్నాయి. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి దగ్గర 1970లలో పెద్ద ఎత్తున ఎముకలు దొరికాయి. ఆ జంతువుకు 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టింది శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి. ఆకులు మేసే జంతువు, ముప్పై అడుగుల పొడవు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్సు సెంటరులో నిలబెట్టారు. మా చిన్నమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు విహారయాత్రకు పోయి దాని ముందు నిలబడి ఫొటో దిగింది. ఆ ఫొటో మా అల్మారాలోనే ఉంది. అది మన జిల్లాల జంతువని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

భూకంపం దగ్గరే ఇంకొక మాట చెప్పాలి. అమెరికా భూగర్భ సర్వేవారి వెబ్‌సైటులో, భూమి కదిలిన సంగతి మీకు తెలిసిందా అని ప్రపంచంలో ఎవరినైనా అడిగే ఒక పత్రం ఉంది. మీరు నిద్రలో ఉన్నారా, నిలబడి ఉన్నారా, వస్తువులు మోగాయా, గోడ మీది పటాలు ఊగాయా అని వరుసగా అడుగుతారు. గ్లాసులు మోగిన సంగతి, పాల వలయాల సంగతి అమ్మ చెబుతుంటే నేను నింపాను. ఇలా వచ్చిన జవాబులతో ఏ ఊరిలో కంపనం ఎంత తెలిసిందో పటం గీస్తారు. 5.3 అన్నది భూమి లోపల జరిగిన దాని కొలత, అది ఎక్కడ చూసినా ఒకటే. మనకు తెలిసే కుదుపు మాత్రం ఊరూరికీ మారుతుంది. డప్పు మీద పడే దెబ్బ ఒకటే అయినా, పక్కింటివాడికి వినిపించినంత పొలిమేరలో ఉన్నవాడికి వినిపించదు కదా, అలాగన్నమాట. రామప్ప గుడి పునాదిలో ఇసుక నింపడం ఇటువంటి కుదుపును ఓర్చుకోవడానికేనని ఇంజినీర్లు వివరిస్తారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి శిఖరానికి నీటి మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారని మనందరికీ తెలుసు. ఆ గుడి ఉన్నది ఈ లోయకు ఎంత దగ్గరో తెలిసిన తరువాత, పైన బరువు తగ్గించి కింద ఇసుక నింపిన ఆ పనివారి మీద నాకున్న గౌరవం రెట్టింపయింది.

రెండో సంగతికి మిరపకాయ కారణం. మాఘం దాటిందంటే ఎనుమాముల మార్కెట్టు మొత్తం ఎర్రగా మారుతుంది. ఆ దారిన పోతే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోక తప్పదు. ఏటా అమ్మ పండుమిరప తొక్కుకు చపాట కాయే తెమ్మంటుంది. చిన్న టమాటాలా బొద్దుగా, ముట్టుకుంటే వేలికి రంగు అంటుకుంటుందేమో అన్నంత ఎర్రగా ఉండే కాయ అది. టమాట మిర్చి అని కూడా అంటారు. 2025లో వరంగల్ చపాటకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ వార్త అమ్మకు చదివి వినిపించాను. "దానికి రంగే గని కారమేడిది, అందుకే తొక్కు మంచిగుంటది" అన్నది. అంత ఎర్రటి కాయలో కారం ఎందుకు తక్కువ ఉంటుందని అప్పుడు మొదటిసారి వెతికాను.

మిరపకు ఎరుపును ఇచ్చేది కాప్సాంథిన్, కారాన్ని ఇచ్చేది కాప్సైసిన్. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ పూర్తిగా వేరు పదార్థాలు, ఒకటి ఎక్కువైతే రెండోది కూడా ఎక్కువ కావాలన్న నియమం ఏదీ లేదు. కారం గింజలో ఉంటుందని నేను కూడా నమ్మేవాడిని. కాయను నిలువుగా కోసి చూస్తే గింజలు అంటుకొని ఉండే తెల్లటి మెత్తని పట్టీ ఒకటి కనిపిస్తుంది. కారం తయారయ్యేది అందులోనే, గింజలకు అది పక్కనుండి అంటుతుంది. నేను కోసి చూసి, ఆ తెల్లపట్టీని గోటితో గీకి నాలుకకు తాకించుకొని, మళ్లీ కడిగిన గింజను కొరికి, తేడా స్వయంగా తెలుసుకున్నాను. ఆ తరువాత అమ్మ ఇచ్చిన చల్ల తాగాను. కాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి నీళ్లు తాగితే మంట తగ్గదు. పాలలోనూ మజ్జిగలోనూ ఉండే కేసీన్ అనే మాంసకృత్తి దాన్ని పట్టుకొని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది. కారం తిన్నవాడికి చల్ల ఇమ్మని ఏ శాస్త్రజ్ఞుడూ మా అవ్వలకు చెప్పలేదు.

ఇంతకంటే నన్ను ఎక్కువగా కదిలించింది మంట అన్న మాట. నిప్పు తగిలితే మంట, కారం తింటే మంట, రెండింటికీ మనకు ఒకటే మాట. 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ ప్రయోగశాల ఒక విషయం కనిపెట్టింది. మన నరాల కొసన టీఆర్‌పీవీ1 అనే ఒక ద్వారం ఉంటుంది. వేడి దాదాపు 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకొని, కాలుతున్నదని మెదడుకు కబురు పంపుతుంది. కాప్సైసిన్ వచ్చి తగిలినా తెరుచుకునేది అదే ద్వారం. అందుచేత మిరపకాయ కొరికినప్పుడు నాలుక నిజంగా కాలకపోయినా, కాలుతున్న కబురే మెదడుకు చేరుతుంది. ఈ పనికే ఆయనకు 2021లో ఆర్డెం పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. పక్షులకు కూడా ఈ ద్వారం ఉంటుంది కాని కాప్సైసిన్‌కు అది తెరుచుకోదు. పంజరంలోని రామచిలుక పచ్చిమిరపకాయను జామపండులా తినడం మనమంతా చూసిందే. జంతువులు నమిలితే గింజ నలిగిపోతుంది, పక్షి మింగితే గింజ చెడకుండా దూరాన పడుతుంది కాబట్టి, మొక్కకు పక్షే కావాలి.

ఒక పక్కమాట. మిరప దక్షిణ, మధ్య అమెరికాల మొక్క. పోర్చుగీసువారి ఓడల్లో మన తీరానికి చేరేనాటికి ఓరుగల్లులో కాకతీయుల పాలన ముగిసి నూట డెబ్భై ఏళ్లకు పైగా గడిచిపోయింది. రుద్రమదేవి కాలపు వంటకు ఘాటు మిరియాల నుంచి వచ్చి ఉండాలి తప్ప మిరపకాయ నుంచి కాదు. ఇది చెప్పినప్పుడు అమ్మ నమ్మలేదు, ఇప్పటికీ పూర్తిగా నమ్మడం లేదు.

ఇక ఆకాశం సంగతి. 1977 సెప్టెంబరు 5న బయలుదేరిన నాసావారి వాయేజర్-1 అంతరిక్ష నౌక, 2023 నవంబరు నుంచి అర్థంలేని సమాచారం పంపడం మొదలుపెట్టింది. లోపలి కంప్యూటరులో ఒక జ్ఞాపకశక్తి చిప్పు పాడయిందని ఇంజినీర్లు గుర్తించారు. ఆ చిప్పులో ఉన్న ప్రోగ్రామును ముక్కలు చేసి, మిగిలిన జాగాల్లో సర్ది, 2024 ఏప్రిల్ 18న ఆజ్ఞ పంపారు. 2,400 కోట్ల కిలోమీటర్ల దూరం కాబట్టి అది చేరడానికే ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్లీ అంతే. గురువారం వేసిన ఉత్తరానికి శనివారం జవాబు అందినట్టు, ఏప్రిల్ 20న ఆ నౌక అయిదు నెలల తరువాత తన క్షేమసమాచారం సరిగ్గా చెప్పింది. లెక్క ప్రకారం 2026 నవంబరులో అది కాంతి ఒక పూర్తి రోజు ప్రయాణించినంత దూరానికి చేరుతుంది. ఈ కథ చదువుతుండగానే, దానిలో ఉంచిన బంగారు పూత పలకలో 55 భాషల పలకరింపులు ఉన్నాయని, అందులో తెలుగు ఒకటని తెలిసింది. కేసర్‌బాయి కేర్కర్ పాడిన హిందుస్తానీ భైరవి రాగం కూడా అందులోనే ఉంది. నాసా వెబ్‌సైటులో ఆ తెలుగు పలకరింపును వినవచ్చు. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెబుతూ ఒక గొంతు కొన్ని క్షణాలు వినిపించి ఆగిపోతుంది. అమ్మకు మూడుసార్లు వినిపించాను. "మన మాట గంత దూరం పోయిందా?" అని అడిగి, కొంగుతో చేతులు తుడుచుకొని, ఇంకోసారి పెట్టమన్నది.

అంత దూరం పోయిన తెలుగు, చేతిలోని ఫోనులో చాలాకాలం ఇబ్బంది పడింది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు స్తంభించిపోయేవి. ఆ వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది, కాని అది ఏ అక్షరమో, ఎందుకు అలా జరిగిందో నేను ఈ మధ్యనే శ్రద్ధగా చదివాను. అది 'జ్ఞా'. మనకు అది ఒకే అక్షరం, కంప్యూటరుకు మాత్రం జ, దానికి పొల్లు, ఞ, ఆపైన దీర్ఘం, ఇవన్నీ వరుసగా వచ్చే వేర్వేరు సంకేతాలు. వీటి నడుమ, అక్షరాలను కలవకుండా ఆపే కంటికి కనిపించని మరో సంకేతం వచ్చి చేరినప్పుడు, ఆ ముక్కలను ఒక రూపుగా పేర్చవలసిన ప్రోగ్రాము దారి తప్పి మొత్తం ఆగిపోయేది. కొద్దిరోజుల్లోనే ఆ కంపెనీ దాన్ని సరిచేసింది. ప్రపంచ లిపుల అక్షరాలన్నింటికీ కంప్యూటరు సంకేతాలు ఇచ్చే పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉన్నది. చోటు ఉండటానికి, వత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చోవడానికి నడుమ ఎంతమంది ఎన్నేళ్లు కష్టపడ్డారో మనం తలుచుకోము. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంటు పేరు పోతన. మన బమ్మెర పోతన పేరే. ఆ రోజుల్లో కంప్యూటరులో తెలుగు చదవడానికి నాకు ఆధారం అదే. తెలుగు మాటకు అర్థం కావలసినవారు ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనను వాడుకోవాలని కూడా ఇక్కడే చెబుతున్నాను. ఒక మాట కొడితే అనేక నిఘంటువుల్లోని అర్థాలు ఒకే పేజీలో వస్తాయి.

పోయిన ఏడు మా మేనకోడలి పెళ్లిపత్రిక రాతను నేను ఫోనులో రాసి ఒక ప్రింటింగు షాపుకు పంపాను. వారి పాత ఫాంటులోకి మారేటప్పుడు వత్తులన్నీ చెదిరిపోయి, అమ్మాయి పేరు 'ప్రజ్ఞ' ముక్కలుముక్కలుగా అచ్చయింది. రెండు వందల కార్డులు మళ్లీ కొట్టించవలసి వచ్చింది. ఆ షాపులోనే, పూర్వం చేతితో అచ్చుపని చేసిన ఒక పెద్దాయన కూర్చొని ఉన్నారు. ఆయన నా పక్కన నిలబడి కార్డును చూసి, తమ కాలంలో ఒక్కొక్క సీసపు అక్షరాన్ని గడి నుంచి ఏరి, తిరగేసి వరుసలో పెట్టేవారమని, వత్తులకు వేరే గడులు ఉండేవని, ఏ వత్తు ఎక్కడుందో చీకట్లో కూడా చేతికి తెలిసేదని చెప్పారు.

ఆయన మాటల తరువాతే ఇనుగుర్తి గురించి చదివాను. ఇప్పటి మహబూబాబాదు జిల్లాలోని ఆ ఊరిలో, 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు 'తెనుగు' అనే వారపత్రికను నడిపారు. నిజాం రాజ్యంలో బడికీ కచేరీకీ ఉర్దూ తప్ప తెలుగు పనికిరాని రోజుల్లో, పట్నంలో కాకుండా ఒక పల్లెలో అచ్చుయంత్రం పెట్టి, రాత నుంచి అచ్చు దాకా తామే చూసుకున్నారు. విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల అని తమ ప్రచురణలకు పేరు పెట్టుకున్నారు. మా హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది 1904లో. ఆ రెండింటి నడుమ పద్దెనిమిదేళ్లలో ఈ నేల మీద చదువుకోవాలన్న ఆకలి ఎంత పెరిగిందో ఊహించుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ గ్రంథమాల పేరును నోటుపుస్తకంలో రాసుకుంటుండగా 'జ్ఞా' దగ్గర కలం ఆగింది. 2018లో ఫోన్లను ఆపేసిన ఆ అక్షరాన్నే 1922లో ఇనుగుర్తిలో ఎవరో చేతితో ఏరి, కిందా మీదా సరిచూసి, సిరా పూసి కాగితం మీదికి ఎక్కించి ఉంటారు. వచ్చే ఆదివారం అమ్మను తీసుకొని ఇనుగుర్తి పోదామనుకుంటున్నాను. ప్రింటింగు షాపు పెద్దాయన కూడా వస్తానన్నారు.